టర్నర్ పేరు మీద వెళ్ళిన బొమ్మలు

బ్రిటన్ దేశపు ఇరవై పౌండ్ల నోటు మనలో చాలామంది చేత్తో పట్టుకుని ఉండరు. నేనూ ఫొటోలోనే చూశాను. 2020 ఫిబ్రవరిలో విడుదలైన ఆ నోటుకి ఒక పక్క రాణిగారు, రెండో పక్క ఒక యువకుడు ఉంటారు. ఆ యువకుడు మంత్రీ కాదు, సేనాపతీ కాదు. లండన్‌లో ఒక సందులో క్షౌరశాల నడుపుకున్న ఒకాయన కొడుకు. పేరు జోసెఫ్ మాలర్డ్ విలియం టర్నర్. ఆ నోటు మీద ఆయన సంతకం కూడా ఉంది. ఆ సంతకాన్ని ఆయన వీలునామాలోంచి తీసుకున్నారు.

బి.ఎస్సీ. చదివేవాడికి చిత్రకారులతో ఏం పని అని మిత్రులు అడగొచ్చు. సూర్యకాంతికి రంగులు ఎందుకు వెలిసిపోతాయన్నది కెమిస్ట్రీలో చదువుకుంటూ పోతుంటే నాకు ఈయన తగిలాడు. ఆయన వెనకే ఇంకొకడు తగిలాడు. వాడి ముఖం ఏ నోటు మీదా లేదు. వాడి పేరు టామ్ గర్టిన్. టర్నర్ జీవితం రాయాలంటే ఈ రెండోవాడిని వదిలేసి రాయడం సాధ్యం కాదు. ఎందుచేతనంటే, చాలాకాలం టర్నర్ పేరు మీద చెలామణీ అయిన నీటిరంగుల దృశ్యచిత్రాల్లో ఒక పెద్ద కట్ట నిజానికి ఇద్దరి చేతుల పని. అందులో ఒక చేతిని లోకం మరిచిపోయింది. ఆ కథే ఇది.

టర్నర్ 1775లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ దగ్గర మెయిడెన్ లేన్ అనే ఇరుకు సందులో పుట్టాడు. తండ్రి విలియం జుట్టు కత్తిరించేవాడు, పెట్టుడు జుట్టు తయారుచేసేవాడు. తల్లి మేరీకి మనసు నిలకడ లేదు. చెల్లెలు 1783లో చిన్నతనంలోనే పోయింది. ఆ ఇంట్లో ప్రశాంతత తక్కువ. పిల్లవాణ్ణి కొంతకాలం బ్రెంట్‌ఫర్డ్‌లో మేనమామ దగ్గరికి పంపించారు. వాడు ఎక్కడున్నా బొమ్మలు గీశాడు. తండ్రి కొడుకు బొమ్మల్ని షాపు కిటికీలో తగిలించి, వచ్చిన ఖాతాదార్లకి కొన్ని షిల్లింగులకి అమ్మేవాడట. కొడుకు బొమ్మల పిచ్చిని చూసి చదువు పాడవుతోందని తిట్టని తండ్రి దొరకడం ఏ దేశంలోనైనా అదృష్టమే. ఆ తండ్రి తరవాత ముసలితనంలో కొడుకు దగ్గరే ఉండి, కాన్వాసులు బిగించి, వార్నీషు పూసి, 1829లో పోయేదాకా సహాయకుడిగా బతికాడు.

గర్టిన్ కూడా అదే 1775లో, ఫిబ్రవరి 18న, థేమ్స్ నదికి అవతలి ఒడ్డున సదర్క్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న బ్రష్షులు తయారుచేసేవాడు. గర్టిన్ చిన్నప్పుడే ఆయన పోయాడు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఇద్దరు పిల్లలూ ఒకే ఊరు, ఒకే ఈడు, ఒకే రకం చిన్న ఇళ్ళు. ఇద్దరికీ ఆస్తి లేదు, లాటిన్ చదువు లేదు. ఉన్నదల్లా చెయ్యి ఒక్కటే.

ఆ రోజుల్లో కెమెరా లేదు కదా. ఒక కోట ఎలా ఉంటుందో, ఒక పాత చర్చి శిథిలాలు ఎలా ఉంటాయో చూడాలంటే ఎవరో ఒకరు వెళ్ళి గీసుకురావాలి. ఆ గీసిన దాన్ని రాగిరేకు మీద చెక్కి అచ్చు వేస్తారు. జమీందార్లు తమ భవనాల బొమ్మలు గీయించుకుంటారు. కాబట్టి నీటిరంగులతో ఊళ్ళూ కోటలూ గీయడం ఒక చేతివృత్తి. తైలవర్ణాలు వేసేవాడే అసలు చిత్రకారుడనీ, నీటిరంగులవాడు వాడికన్నా ఒక మెట్టు కిందనీ లెక్క. ముందు పెన్సిలుతో రూపురేఖలు గీసి, ఆపైన బూడిదరంగుతో నీడలు పూసి, చివర్న పల్చగా రంగు అద్దడం పద్ధతి. ఒక రకంగా రంగు వేసిన మ్యాపు లాంటిది.

ఈ వృత్తిలోకి ఇద్దరూ రెండు దార్లలో వచ్చారు. టర్నర్ థామస్ మాల్టన్ అనే ఆయన దగ్గర పర్‌స్పెక్టివ్ నేర్చుకుని, 1789 డిసెంబరులో పద్నాలుగేళ్ళకే రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు. మరుసటి ఏడే, 1790లో, అకాడమీ ప్రదర్శనలో వాడి నీటిరంగుల బొమ్మ వేలాడింది. గర్టిన్ మాత్రం ఎడ్వర్డ్ డేస్ అనే చిత్రకారుడి దగ్గర పనికి కుదిరాడు. మన దగ్గర వడ్రంగి దగ్గరో మెకానిక్ దగ్గరో కుర్రాళ్ళు పనికి కుదిరినట్టే. ఆ గురుశిష్యులకి పొసగలేదని చెబుతారు. గర్టిన్ బొమ్మ రాయల్ అకాడమీ గోడ ఎక్కేసరికి 1794 అయింది.

సరిగ్గా ఆ 1794 ప్రాంతంలోనే ఇద్దర్నీ ఒక బల్ల దగ్గరికి చేర్చిన మనిషి ఒకడున్నాడు. ఆయన డాక్టర్ థామస్ మన్రో. ఈ పేరు వినగానే రాయలసీమ మిత్రులకి మన దత్తమండలాల కలెక్టరు, తరవాత మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో గుర్తుకొస్తాడు. ఆయన వేరు, ఈయన వేరు. ఈ డాక్టర్ మన్రో లండన్‌లో బెత్లెం అనే పిచ్చాసుపత్రికి వైద్యుడు. చిత్రాలంటే ప్రాణం. థేమ్స్ ఒడ్డున అడెల్ఫీ టెర్రేస్‌లో ఎనిమిదో నంబరు ఇంట్లో ఆయన సేకరించిన చిత్రాలు గుట్టలుగా ఉండేవి. చలికాలం సాయంత్రాలు కుర్ర చిత్రకారుల్ని ఇంటికి పిలిచి, ఆ చిత్రాలకి నకళ్ళు తీయించేవాడు. వాళ్ళకి కాస్త కూలీ ఇచ్చేవాడు. తనకి చవగ్గా బొమ్మలు దొరికేవి, కుర్రాళ్ళకి గొప్ప చిత్రాలు దగ్గర్నుంచి చూసే అవకాశం దొరికేది. బడి అనుకుంటే బడి, కార్ఖానా అనుకుంటే కార్ఖానా.

అక్కడ పని ఎలా జరిగేదో మనకి తెలియడానికి కారణం జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడి డైరీ. 1798 నవంబరులో టర్నర్, గర్టిన్ ఇద్దరూ ఆయనతో మాట్లాడుతూ చెప్పిన సంగతులు ఆయన రాసిపెట్టుకున్నాడు. మూడేళ్ళపాటు సాయంత్రం ఆరింటికి వెళ్ళి రాత్రి పదింటిదాకా మన్రో ఇంట్లో గీశారు. గర్టిన్ పెన్సిలుతో రూపురేఖలు గీసేవాడు. టర్నర్ వాటి మీద రంగు పూతలు పూసి వెలుగు నీడలు తెచ్చేవాడు. టర్నర్‌కి రాత్రికి మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు ముట్టేవి. గర్టిన్ తనకెంత ఇచ్చారో చెప్పలేదు.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు కాబట్టి, టర్నర్‌ది నాలుగ్గంటలకి నలభై రెండు పెన్నీలు, అంటే గంటకి పదిన్నర. గర్టిన్‌ది ఎంత? తక్కువ కాబట్టి సిగ్గుపడి చెప్పలేదా, ఎక్కువ కాబట్టి స్నేహితుడి ముందు చెప్పలేదా? కాగితం మీద లేనిదాన్ని మనం ఊహించకూడదు. కానీ ఒకటి మాత్రం ఆ డైరీ ఖాయంగా చెబుతోంది. ఆ బొమ్మలు ఇద్దరి పని అని ఆ ఇద్దరూ కలిసి, దాపరికం లేకుండా, నోటితో చెప్పారు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

వాళ్ళు నకలు తీసిన చిత్రాల్లో ముఖ్యమైనవి జాన్ రాబర్ట్ కోజెన్స్ అనే ఆయనవి. ఆల్ప్స్ కొండలూ, రోము చుట్టుపక్కల సరస్సులూ, నేపుల్స్ తీరమూ ఆయన స్వయంగా తిరిగి గీసుకున్నవి. 1794లో ఆయనకి మతి చలించింది. డాక్టర్ మన్రో సంరక్షణలోనే ఉండి 1797లో పోయాడు. అంటే ఒక పక్క ఆ పెద్దాయన తెలివి తప్పి పడి ఉంటే, ఇంకో పక్క ఆయన్ని చూసే డాక్టరు ఇంట్లో ఇద్దరు కుర్రాళ్ళు కొవ్వొత్తి వెలుగులో ఆయన కొండల్నీ సరస్సుల్నీ తిరగ గీస్తున్నారు. ఇద్దరూ అప్పటికి బ్రిటన్ నేల దాటినవాళ్ళు కాదు. టర్నర్ ఆల్ప్స్ చూసింది 1802లో, ఇటలీలో అడుగు పెట్టింది 1819లో. గర్టిన్ ఇటలీ ఎప్పటికీ చూడనే లేదు. చూడని కొండల్ని, వాటిని చూసినవాడి చెయ్యి పట్టుకుని చూశారన్నమాట. లెక్క చూస్తే ఆ బొమ్మల్లో రెండు చేతులు కాదు, మూడు ఉన్నాయి. కోజెన్స్ చూపు, గర్టిన్ గీత, టర్నర్ పూత.

ఇంకో విషాదం కూడా ఇక్కడే చెప్పేస్తాను. టర్నర్ తల్లి జబ్బు ముదిరి, 1800లో ఆమెని చేర్చింది అదే బెత్లెం ఆసుపత్రిలో. 1804లో పోయింది. కొడుక్కి రాత్రికి మూడున్నర షిల్లింగులు ఇచ్చిన ఆ డాక్టరే ఆ ఆసుపత్రి వైద్యుడు. ఆ ఆసుపత్రిలో రోగుల్ని చూసే తీరు మీద 1815లో పార్లమెంటు విచారణ జరిగింది. మరుసటి ఏడు మన్రో ఆ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. కళాకారుల పాలిట దేవుడైనవాడు రోగుల పాలిట అలా లేడు. మనుషులు ఒకే రంగులో ఉండరని ఇది చదివాక నాకు బాగా తెలిసింది.

ఆ సాయంత్రపు పని అయిపోయాక ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు ఎదిగారు. ఆ కొద్దిపాటి కాలంలో గర్టిన్ చేసినది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నునుపైన కాగితం పక్కన పెట్టి, రంగుని పీల్చుకునే గరుకు కాగితం తీసుకున్నాడు. ముందు బూడిదరంగు నీడ వేసే పాత పద్ధతి మానేసి, ఏ చోట ఏ రంగో దాన్ని నేరుగా, దట్టంగా పూశాడు. రంగు వేసిన మ్యాపు కాస్తా చిత్రం అయింది. 1800లో గీసిన చెల్సీ నది ఒడ్డు దృశ్యంలో సాయంకాలపు గోధుమ నీలాల మధ్య దూరంగా ఒక తెల్ల ఇల్లు, నీళ్ళలో దాని నీడ మెరుస్తుంటాయి. ఆ ఇంటికి గర్టిన్ తెల్లరంగు వేయలేదు. కాగితాన్ని అలాగే వదిలేశాడు. చుట్టూ ఉన్నదాన్ని సరిగ్గా వేస్తే, వేయనిది వెలుగుతుంది. ఆ చిత్రం లండన్ టేట్ సేకరణలో ఉంది.

దీని గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక బొమ్మల వ్యాపారి టర్నర్ ఇంటికొచ్చి, ఆయన చిత్రాలన్నీ చూసి, వీటన్నిటికన్నా మంచిది ఒకటి నా బండిలో ఉంది అన్నాడట. టర్నర్ కోపం తెచ్చుకోకుండా కాసేపు ఆలోచించి, అయితే అది టామ్ గర్టిన్ తెల్ల ఇల్లే అయివుంటుందని అన్నాడట. టామ్ బతికుంటే నేను పస్తులుండాల్సి వచ్చేదని ఆయన అనేవాడని కూడా చెబుతారు. ఈ మాటలు పొల్లు పోకుండా నిజమో కాదో గానీ, టర్నర్‌ని ఎరిగినవాళ్ళు ఆయన నోట ఆ మాట నమ్మశక్యంగానే ఉందనుకున్నారు. నాకది చాలు.

గర్టిన్ 1800లో పెళ్ళి చేసుకున్నాడు, ఒక కొడుకు పుట్టాడు. ఊపిరితిత్తుల జబ్బు అప్పటికే పట్టుకుంది. 1801 చివర పారిస్ వెళ్ళి, కొన్ని నెలలుండి ఆ నగరం దృశ్యాలు గీసుకొచ్చాడు. 1802లో లండన్ నగరం మొత్తాన్ని చుట్టూ తిరిగి చూసినట్టు కనిపించే పెద్ద పనోరమా వేసి జనానికి ప్రదర్శించాడు. నూట ఎనిమిది అడుగుల పొడుగు, పద్దెనిమిది అడుగుల ఎత్తు. గుణించి చూశాను, 1944 చదరపు అడుగులు. మన భాషలో నాలుగున్నర సెంట్ల నేల. ఊపిరి ఆడని మనిషి నాలుగున్నర సెంట్ల గుడ్డ మీద లండన్‌ని దించాడు! ఆ పనోరమా తరవాత నాశనమైపోయింది, దాని కోసం గీసుకున్న కొన్ని స్కెచ్చులు మాత్రం బ్రిటిష్ మ్యూజియంలో మిగిలాయి. 1802 నవంబరు 9న గర్టిన్ పోయాడు. ఇరవై ఏడేళ్ళు. అదే ఏడాది ఫిబ్రవరిలో టర్నర్ రాయల్ అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు. ఒకే ఏడు పుట్టిన ఇద్దరిలో ఒకడికి ఆ ఏడు సింహాసనం, ఇంకొకడికి సమాధి.

అక్కణ్ణించి టర్నర్ జీవితం అందరికీ తెలిసిన ఎదుగుదల. 1807లో అకాడమీలో పర్‌స్పెక్టివ్ ప్రొఫెసరు. దేశాలన్నీ కాలినడకనా బండ్లమీదా తిరిగి నోటుపుస్తకాలు నింపాడు. 1839లో పాత యుద్ధనౌక టెమరేర్‌ని ఒక చిన్న ఆవిరి పడవ విరగ్గొట్టడానికి ఈడ్చుకుపోతున్న చిత్రం ప్రదర్శించాడు. 1844లో వానలో దూసుకొస్తున్న రైలింజను చిత్రం. ఆవిరి యంత్రం అప్పటి జనానికి ఎంత కొత్తో, దాన్ని అందంగా చూడొచ్చన్న ఆలోచన అంతకన్నా కొత్త. ముసలితనంలో ఆయన చిత్రాల్లో వస్తువులు కరిగిపోయి, వెలుగొక్కటే మిగిలింది. కొందరు వెక్కిరించారు. జాన్ రస్కిన్ అనే యువకుడు 1843లో ఆయన పక్షాన పెద్ద పుస్తకమే మొదలుపెట్టాడు. ఇవన్నీ ఎన్సైక్లోపీడియాలో దొరుకుతాయి కాబట్టి నేను నా కట్ట దగ్గరికే తిరిగొస్తాను.

1833లో డాక్టర్ మన్రో పోయాడు. ఆ ఏడే ఆయన ఇంట్లోని బొమ్మలన్నీ లండన్‌లో క్రిస్టీ వారి వేలానికి వచ్చాయి. అప్పటికి గర్టిన్ పోయి ముప్పై ఒక్క ఏళ్ళు. టర్నర్ పేరు దేశమంతా మోగుతోంది. ఆ సాయంత్రాల నాటి బొమ్మల మీద సంతకాలు లేవు. కూలికి చేసిన పనికి సంతకం ఎవరు పెడతారు? వేలంలో వాటిని పిలిచింది టర్నర్ పేరుతో. ఆ పేరుతో పిలిస్తే కొనేవాళ్ళు ఎక్కువ, ధర ఎక్కువ. వేలానికి వెళ్ళి కొన్ని కట్టలు కొన్నవాళ్ళలో టర్నర్ కూడా ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ ఐశ్వర్యవంతుడు, తను పంతొమ్మిదేళ్ళప్పుడు మూడున్నర షిల్లింగులకి పూసిన పూతల్ని డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఆ పూతల కింద టామ్ గీతలున్నాయి. ఎందుకు కొన్నాడో ఆయనెక్కడా రాయలేదు.

మిత్రులారా, ఈ పేరు మారడం అనేది నాకు పుస్తకంలోనే మొదటిసారి కనపడిన సంగతి కాదు. మా నాన్న సొంతం ఎకరంన్నర కాక మూడెకరాలు కౌలుకి చేస్తాడు. నారు పోసేది, కలుపు తీయించేది, తెల్లారుజామున నీళ్ళు పెట్టేది ఆయన. ధాన్యం అమ్మిన చీటీ మీద పేరు మాత్రం పట్టాదారుది. ఒక ఏడు వరదొచ్చి పంట పోతే నష్టపరిహారం కూడా ఆ పేరు మీదే వచ్చింది. పట్టాదారు చెడ్డవాడేం కాదు, పండక్కి మాకు బట్టలు పెట్టే మనిషి. ఆయన దొంగతనం చేయలేదు. కాగితం ఒక పేరుకి అలవాటు పడింది, అంతే. టర్నర్ విషయంలోనూ నేను ఇదే అనుకుంటాను. ఆయన గర్టిన్ పని దొంగిలించలేదు. అడిగినవాళ్ళకి నిజం చెప్పాడు. కానీ వేలం చీటీ మీద ఒక్క పేరుకే చోటుంది. బతికున్న పేరు, ఖరీదైన పేరు అక్కడ ఎక్కింది.

టర్నర్ 1851 డిసెంబరు 19న చెల్సీలో నది ఒడ్డు ఇంట్లో పోయాడు. సెయింట్ పాల్స్ కెతెడ్రల్‌లో సమాధి చేశారు. తన దగ్గరున్న తైలవర్ణ చిత్రాల్ని దేశానికీ, డబ్బుని బతుకు చితికిన చిత్రకారుల ఆశ్రమానికీ రాసిచ్చాడు. చుట్టాలు కోర్టుకి వెళ్ళారు. 1856లో తీర్పు తేలేసరికి డబ్బు చుట్టాలకి, ఆయన ఇంట్లో ఉన్న ఆయన పని అంతా దేశానికి దక్కింది. సుమారు మూడు వందల తైలవర్ణాలు, దాదాపు ముప్పై వేల స్కెచ్చులూ నీటిరంగులూ. పేద చిత్రకారుల ఆశ్రమం మాత్రం రాలేదు. ఆ ముప్పై వేల కాగితాల మధ్య మన్రో వేలంలో కొన్న కట్టలు కూడా కలిసి వెళ్ళాయి. అలా గర్టిన్ గీతలు టర్నర్ ఆస్తిగా బ్రిటిష్ జాతి సొత్తయ్యాయి.

ఆ కాగితాల జాబితాని రెండు సంపుటాలుగా ఎ.జె. ఫిన్‌బర్గ్ 1909లో తయారుచేశాడు. తరవాత తరాల పరిశోధకులు మన్రో బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి, ఫారింగ్టన్ డైరీతో పోల్చి చూశారు. సంతకం లేని బొమ్మ ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఇది మన ప్రాక్టికల్స్ లాంటి పనే. పై పూత కింద పెన్సిలు గీత కనపడుతుంది. గర్టిన్ ఒకే పొడుగు గీత లాగడు. చిన్న చిన్న తునకలుగా, కొక్కేల్లా, చుక్కల్లా పెన్సిలు ఆడిస్తాడు. చేతిరాత లాగే అది దాచినా దాగదు. నీలమూ బూడిదరంగూ పల్చగా పూసి, తడి ఆరకముందే వెలుగుని మిగిల్చే తీరు టర్నర్‌ది. డైరీలో ఉన్న సాక్ష్యమూ, కాగితం మీది సాక్ష్యమూ ఒకదానికొకటి సరిపోయాయి. 1984లో ఆండ్రూ విల్టన్ ఈ సమస్య మీద రాసిన వ్యాసం దారి చూపింది. 2022లో లండన్ పాల్ మెలన్ సెంటర్ తరఫున గ్రెగ్ స్మిత్ తయారుచేసిన గర్టిన్ సంపూర్ణ జాబితా వెలువడింది. ఒకప్పుడు టర్నర్‌వి అని మాత్రమే రాసిన బొమ్మల కింద అనేకచోట్ల రెండు పేర్లూ కనిపిస్తున్నాయి.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక మాట. గీత మిగిలింది సరే, పూత సంగతేమిటి? ఆనాటి చిత్రకారులు వాడిన నీలాల్లో నీలిమందు ఒకటి. మన కడప, నెల్లూరు ప్రాంతాల్లో ఒకప్పుడు రైతులు పండించిన నీలిమందు జాతిదే. వెలుగూ గాలీ తగిలితే అది మెల్లగా ఆక్సీకరణం చెంది ఐసటిన్‌గా మారుతుంది, నీలం పోతుంది. గర్టిన్ చిత్రాలు కొన్నిట్లో ఆకాశం నీలం వెలిసి, ఎర్రటి ఛాయ మిగిలింది. 1888లో రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రంగు పూసిన కాగితాల్ని గాజుగొట్టాల్లో పెట్టి ఎండలో ఉంచి చూశారు. మామూలు గాలి ఉన్న గొట్టాల్లో వెలిసిన రంగుల్లో చాలావరకు, గాలీ చెమ్మా తీసేసిన గొట్టాల్లో నిలిచాయి. కాబట్టి తప్పు ఒక్క ఎండదే కాదు, ఆక్సిజన్‌కీ చెమ్మకీ కూడా అందులో వాటా ఉంది. హెన్రీ వాన్ అనే ఆయన సేకరించి 1900లో ఎడిన్‌బరో, డబ్లిన్ గ్యాలరీలకి చేరేలా రాసిచ్చిన టర్నర్ నీటిరంగుల్ని ఏటా ఎండ బొత్తిగా లేని జనవరి నెలలోనే జనానికి చూపిస్తారు. ఆ ముందుచూపు వల్ల ఆ రంగులు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి.

ఇదంతా చదివాక నాకు తోచినది చెప్పి ముగిస్తాను. ఒక బొమ్మ టర్నర్ ఒక్కడిదే కాదని తేలగానే కొందరికి దాని మీద మోజు తగ్గుతుంది. ధర కూడా తగ్గొచ్చు. కానీ కాగితం మీద ఒక్క గీత మారలేదు, ఒక్క చుక్క రంగు తగ్గలేదు. నిన్నటిదాకా అందంగా ఉన్న సరస్సు ఇవాళ అందం పోగొట్టుకోదు. పైగా నాకైతే అది పెరిగింది. హైడ్రోజనూ ఆక్సిజనూ కలిసి నీరయ్యాక అది వాటిలో ఏ ఒక్కటీ కాదు. ఆ రెండూ విడివిడిగా తీర్చలేని దాహం తీరుస్తుంది. ఆ బొమ్మలూ అంతే. గర్టిన్ ఒక్కడే వేస్తే వేరుగా ఉండేవి, టర్నర్ ఒక్కడే వేస్తే ఇంకోలా ఉండేవి. ఇరవై ఏళ్ళ ఇద్దరు పేద కుర్రాళ్ళు, చూడని ఆల్ప్స్ కొండల్ని, మతి తప్పిన ఒక పెద్దాయన కళ్ళతో కలిసి చూస్తే వచ్చిన బొమ్మలవి.

టర్నర్ గొప్పతనం దీనివల్ల తరగదు. తనకన్నా ముందే రాలిపోయిన స్నేహితుణ్ణి తనకన్నా ఎక్కువగా చెప్పుకున్నాడంటే అది ఆయన గొప్పతనంలో భాగమే. తగ్గాల్సింది మన అలవాటు. ఎంతమంది చేసిన పనికైనా ఒక్క పేరు తగిలించి చేతులు దులుపుకునే అలవాటు. మన కాలేజీలోనూ ప్రాజెక్టులు నలుగురం కలిసి చేస్తాం. రీడింగులు తీసేవాడొకడు, గ్రాఫు గీసేవాడొకడు, రాత్రి కూర్చుని ఫెయిర్ చేసేవాడొకడు, వెళ్ళి గట్టిగా మాట్లాడేవాడొకడు. మాట్లాడినవాడి పేరు గుర్తుంటుంది. రేపు మనం ఉద్యోగాల్లోకి, వ్యవసాయంలోకి, పరిశోధనల్లోకి వెళ్ళాక కూడా ఇదే జరుగుతుంది. గర్టిన్ పేరు ఆ బొమ్మల కిందికి తిరిగి రావడానికి సుమారు రెండు వందల ఏళ్ళు పట్టింది. అది కూడా ఒకాయన ఆ రోజు డైరీలో నాలుగు వాక్యాలు రాసిపెట్టుకున్నాడు గనక వచ్చింది. మనం పని పూర్తి చేసిన రోజునే, పక్కన కూర్చుని చేసినవాళ్ళ పేర్లు కూడా కాగితం మీద పెడదాం. దానికి ఖర్చేమీ లేదు, ఒక్క వాక్యం చాలు.